ఇసుక లోకంలో మెకానిక్

సాయిలు చిన్నాయన పోయి ఏడాదైందని అందరం బాన్సువాడలో కలిశాం. భోజనాలయ్యాయి. చుట్టాలు పిట్లం బస్సు, నిజామాబాద్ బస్సు పట్టుకుని వెళ్లిపోయారు. ఇంట్లో మా భూమక్క, నేను, అక్క మనవరాలు నిత్య మిగిలాం. నిత్య హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో పని చేస్తుంది. ఆ పని ఏమిటో ఎన్నిసార్లు వివరించినా నా బుర్రకెక్కలేదు, తను కూడా ఇప్పుడు చెప్పడం మానేసింది. మధ్యాహ్నం ముందు గదిలో చాప మీద బోర్లా పడుకుని లాప్‌టాప్‌లో సినిమా చూస్తున్న పిల్ల ఉన్నట్టుండి లేచి కూర్చుంది. ఆకాశంలో ఓడలు తిరిగే ఇంగ్లీషు సినిమా అది, ఇప్పుడు తెలుగులోనే మాట్లాడుతోంది. ఎప్పుడో నా చిన్నప్పుడు మొదలైన వరస సినిమాల్లో ఇది కొత్తదట. తీయడం కొత్తగా తీశారు గానీ, కథ మాత్రం పాతవాటికంటే ముందు జరిగిందట. దాన్ని ప్రీక్వెల్ అంటారని నాకు పాఠం కూడా చెప్పింది.

పిల్ల లేచి కూర్చోవడానికి కారణం వేరే ఉంది. ఈ కొత్త సినిమాలో ఒక పచ్చటి లోకం ఉంది, అన్నీ కాలువలూ తోటలూ. మొదటి సినిమాలో ఉన్నదేమో ఒట్టి ఇసుక లోకం. రెండో సినిమాలో మళ్లీ పచ్చటిది. తీసినవాళ్లు ఎక్కడా చెప్పలేదు గానీ, ఈ మూడూ ఒకే చోటని దేశదేశాల్లో ఉన్న అభిమానులు కనిపెట్టారట. థియరీ అంటారట దాన్ని. మూడింట్లోనూ ఆకాశంలో రెండు చందమామలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అదీ రుజువు. ఫోన్లో ఆ చర్చలన్నీ చూపిస్తూ, ఒక చేత్తో కళ్లద్దాలు పైకి తోసుకుంటూ నిత్య గడగడా చెప్పుకుపోతోంది. గోడకు ఆనుకుని చాటలో ఎల్లిపాయ పొట్టు తీస్తున్న భూమక్క తల ఎత్తకుండానే అంది. "గా ముచ్చట మాకెప్పుడో ఎర్కే. మా సాయిలు చిన్నాయన చెప్పిండు."

నిత్య నా వైపు చూసింది, ముసలామె ఏదో అంటోంది, నువ్వు సర్దిచెప్పు అన్నట్టు. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఈ పిల్ల పుట్టకముందే, వాళ్లమ్మ లత ఇంకా ఒళ్లో పాలు తాగే రోజుల్లోనే, ఈ థియరీ బాన్సువాడలో మా ముందు గదిలో పుట్టింది.

భూమక్కను ఇచ్చింది జుక్కల్ అవతల ఒక ఊరికి. మా గంగారాం బావ బోరు మిషన్ల మెకానిక్. పెళ్లయిన కొత్తలోనే మస్కట్ వెళ్లాడు. ఆ రోజుల్లో మా వైపు నుంచి ఇంటికొకరు చొప్పున ఎడారి దేశాలకు పోయేవాళ్లు, ఇప్పటికీ పోతున్నారు. మొదటి సెలవులో వచ్చినప్పుడు బావ తెచ్చిన పెట్టె తెరిస్తే ఇల్లంతా సబ్బుల వాసన, అత్తరు వాసన. పులిబొమ్మ కంబళి, టార్చిలైటు, అందరికీ చీరల గుడ్డలు, వాటన్నిటి అడుగున దుప్పటిలో చుట్టిన టీవీ, వీసీఆర్. వాళ్ల ఊళ్లో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని వీసీఆర్‌ను మా ఇంట్లో పెట్టాడు. దాంతోపాటు, అప్పుడు నెల తప్పిన అక్కను కూడా మా ఇంట్లోనే ఉంచాడు. వీసీఆర్‌ను చూసుకోమని చెప్పినన్ని జాగ్రత్తలు అక్క గురించి చెప్పలేదని మా అమ్మ చాలా కాలం దెప్పేది.

ఆ పెట్టెలోనే ఒక ఇంగ్లీషు సినిమా క్యాసెట్ ఉంది. అట్ట మీద అంతా ఇసుక. బావ కూడా అది చూడలేదు, అట్ట చూసి కొన్నాడు. తానుండే చోటు ఎట్లా ఉంటుందో మాకు చూపిద్దామని. వచ్చిన మర్నాడే వేశాడు. తెర నిండా ఇసుక దిబ్బలు, మధ్యలో ఒక గుడారం, ఒక పెద్ద మిషన్, దాని పక్కన నూనె మరకల చొక్కాతో ఒక గడ్డపాయన. "మా కాడ గిట్లనే ఉంటది. నా పని గూడ గదే" అన్నాడు బావ, ఆ గడ్డపాయన మీద వేలు పెట్టి. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలో కరెంటు పోయింది. తర్వాత చుట్టాల ఇళ్లు తిరగడంలోనే బావ సెలవు అయిపోయింది, క్యాసెట్ ట్రంకులోకి వెళ్లిపోయింది.

బావ మళ్లీ వెళ్లాక మా ముందు గది వాడకట్టు మొత్తానికీ సినిమా హాలైంది. పొద్దు వాలుతుండగా ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. చాటలో తడిపిన తునికాకు, తంబాకు, దారం ఉండ. కళ్లు టీవీ మీద ఉన్నా చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి. ఏడుపు సీను వస్తే బీడీలు కాస్త వదులయ్యేవి, అంతే. ఆ తంబాకు ఘాటుకు నాకు తుమ్ములొచ్చేవి. ఇప్పుడు కూడా ఎక్కడైనా తంబాకు వాసన తగిలితే ముందు నాకు నీలంగా వెలిగే ఆ టీవీ గుర్తొస్తుంది, తర్వాతే బీడీలు. అక్క అందరికంటే వెనక, గడప దగ్గర కూర్చునేది. ఇల్లు మనది, టీవీ నీ మొగుడిది, ముందుకు రావే అంటే వినేది కాదు. పిల్ల ఏడిస్తే లేచిపోవడానికి వీలుగా ఉంటుందని చెప్పేది.

సాయిలు చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. బస్టాండ్ పక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఆయనది. సాయంత్రం చేతులకు గ్రీజు కడుక్కోకుండానే వచ్చి టీవీ పక్కన నిలబడేవాడు. హిందీ సినిమాలైతే చెప్పనక్కర్లేదు, అందరికీ అంతో ఇంతో వచ్చు. నిజామాబాద్ నుంచి ఎప్పుడైనా ఇంగ్లీషు క్యాసెట్ వస్తే మాత్రం చిన్నాయన తెలుగులో చెప్పాలి. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఆయన చెప్పకపోతే ఎవరూ చూసేవాళ్లు కాదు. సినిమాలో అందరికంటే ఎత్తుగా ఉన్నవాడు పటేల్. వాడికి ఎదురు మాట్లాడేవాడు బావమరిది. చెప్పిన పనల్లా చేసే మరమనిషి జీతగాడు. దాని మీద పటేల్ అరిస్తే ఆడవాళ్లు బీడీలు ఆపి, పాపం, పొద్దుటి నుంచి కడుపుకేమన్నా పెట్టారో లేదో అనేవాళ్లు. చిన్నాయన చెప్పే కథలో చావులు తక్కువ, చుట్టరికాలు ఎక్కువ.

బావ ఉత్తరాలు రాసేవాడు కాదు. మాట టేపు చేసి ఆడియో క్యాసెట్లు పంపేవాడు. ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ముందు పెద్దలకు దండాలు, తర్వాత పేరుపేరునా పలకరింపులు, చివర అక్కతో రెండు మాటలు. ఆ రెండు మాటలు వచ్చేసరికి అమ్మ అందరినీ లేపి బయటికి తోలేది. లత పుట్టిందని ఇక్కడి నుంచి పిల్ల ఏడుపు టేపు చేసి పంపాం. దానికి జవాబుగా ఒకటి వచ్చింది. ఆ తర్వాత రాలేదు. ఒక కాలం గడిచింది, ఇంకో కాలం గడిచింది. నాన్న తిరగని ఆఫీసు లేదు. సెలవులకొచ్చినవాళ్లలో ఒకడు ఆ కంపెనీ మూతపడిందన్నాడు, ఒకడు వేరే చోటికి పోయి ఉంటాడన్నాడు, ఇంకొకడు ఏమీ అనకుండా చాయ్ సగంలో పెట్టి లేచిపోయాడు. ఇంట్లో బావ మాట ఎత్తడం తగ్గింది. ఎత్తితే అక్క బాధపడుతుందని అందరం అనుకున్నాం.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున అక్క ట్రంకులోంచి ఆ ఇసుక క్యాసెట్ తీసి చిన్నాయన చేతిలో పెట్టింది. "గిది వెయ్యి చిన్నాయన. అండ్ల మీ అల్లుడుండే జాగ ఉంటది" అంది. కొత్త సినిమా వస్తే ముందు తానొక్కడే చూసి కథ కట్టుకోవడం చిన్నాయనకు అలవాటు. ఆ రోజు తలుపు వేసుకుని చూశాడు. బయటికొచ్చాక అన్నం తినకుండా దుకాణానికి పోయాడు. ఆకలి తట్టుకోలేని మనిషి తినకుండా పోవడం నేను చూడటం అదే మొదటిసారి. సాయంత్రం సినిమా మొదలైంది. ఇసుక లోకంలో భూమి లోపలి నుంచి నీళ్లు తోడే మిషన్ పాడైతే బాగుచేయడానికి ఓడలో ఒక గుంపు వస్తుంది. గడ్డపాయన మెకానిక్. ఇసుక తుఫాను ముంచుకొస్తుంటే మిగతావాళ్లు ఓడెక్కేస్తారు, మెకానిక్ మిషన్ వదిలి రాడు. సరిగ్గా అక్కడ చిన్నాయన వీసీఆర్ ఆపి, లోపల టేపు చదివే హెడ్ ఖరాబైందన్నాడు. చొక్కా అంచుతో తుడిచాడు, ఊదాడు, ఏదో నొక్కాడు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి ఓడ ఆకాశంలో ఉంది, పటేల్ కళ్లు తుడుచుకుంటున్నాడు. మెకానిక్ ఇంకో గుడారంలో పదిలంగా ఉన్నాడనీ, మిషన్ బాగుచేసి తర్వాతి ఓడకు వస్తానని కబురు చెప్పాడనీ, పటేల్ అందుకే ఏడుస్తున్నాడనీ చిన్నాయన చెప్పాడు. గడప దగ్గరి నుంచి అక్క ఒక్కతే అడిగింది, ఆ తర్వాతి ఓడ ఎప్పుడు పోతుందని.

ఆ సినిమా మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. ప్రతిసారీ అదే చోట హెడ్ ఖరాబయ్యేది. ప్రతిసారీ అక్క ఏదో ఒకటి అడిగేది. వాడికి తిండి ఎట్లా, నీళ్లు ఎట్లా, తోడు ఎవరన్నా ఉన్నారా. చిన్నాయన ఒక్కో జవాబూ కట్టేవాడు. పక్క గుడారంలో వంటాయన ఉన్నాడు, మనవైపు మనిషే. సర్వపిండి కూడా చేస్తాడు. ఆ జవాబులు మర్నాడు బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్ దాకా పోయేవి. ఊళ్లో మెకానిక్ గురించి అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. వాళ్లలో ఎవరు సినిమా సంగతి అడిగారో, ఎవరు మా బావ సంగతి అడిగారో ఇప్పుడు తల్చుకుంటే నాకు వేరు చేయడం రాదు.

అసలు చిక్కు రెండో భాగం క్యాసెట్ వచ్చినప్పుడు పడింది. అది పొద్దుగూకాక చేతికందింది, చిన్నాయనకు ముందుగా చూసుకునే వీలు చిక్కలేదు. అందులో పటేల్ ఉన్నాడు, జీతగాడు ఉన్నాడు, మెకానిక్ లేడు. ఇసుక కూడా లేదు, అంతా పచ్చగా కాలువలు, తోటలు. సినిమా సగానికి రాగానే అక్క అడిగింది, "మెకానిక్ ఏడి చిన్నాయన?" గదిలో బీడీల చప్పుడు కూడా ఆగింది. చిన్నాయన చాలాసేపు తెర వైపే చూశాడు. అప్పుడే తెర మీద రాత్రి పడి, రెండు చందమామలు పొడిచాయి. ఆయన మొహం వెలిగిపోయింది. "గీ పచ్చటి జాగ వేరే అనుకుంటుండ్రా? గా ఇసుక జాగే ఇది. సూడుండ్రి, గవే రెండు చందమామలు. మెకానిక్ మిషిన్ బాగుచేసిండు, నీళ్లొచ్చినయి, పంటలయినయి. ఇగ వాడు ముంగటికి పోయి ఇంకో మిషిన్ బాగుచేస్తుండు." ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. దేశదేశాల అభిమానులు ఇప్పుడు కనిపెట్టారంటున్న థియరీ ఆ సాయంత్రం అట్లా పుట్టింది.

దాన్ని ఊరంతా ఒప్పుకోలేదు. వర్ని దగ్గరి క్యాంపు నుంచి ధాన్యం పనుల మీద బాన్సువాడ వచ్చే వెంకట్రావు గారని ఒకాయన ఉండేవారు, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. ఆయన కూడా ఒకటి రెండుసార్లు మా ఇంట్లో చూశారు. కాలువల విషయంలో ఆయన్ను మోసం చేయడం కష్టం. "సాయిలు గారూ, చిన్న చందమామ ఆ సినిమాలో ఎడమ పక్క ఉందండీ, ఇందులో కుడి పక్క ఉంది. రెండూ ఒకే చోటెలా అవుతాయండీ" అన్నారు. చిన్నాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, అప్పుడు ఇవతలి నుంచి చూశాం, ఇప్పుడు అవతలి నుంచి చూస్తున్నాం అన్నాడు. వెంకట్రావు గారు ఆలోచించారు. వాళ్ల నాన్న గారు వచ్చినప్పుడు ఇక్కడ కూడా తుప్పలూ రాళ్లే ఉండేవనీ, ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరనీ, ఆ లెక్కన అయితే కావచ్చుననీ ఒప్పుకున్నారు. ఈ చందమామల గొడవ ఆ మధ్యాహ్నం నిత్యకు చెబితే పిల్ల ఫోన్లో వెతికి చూపించింది. ఎడమ, కుడి, ఇవతల, అవతల, సరిగ్గా అదే గొడవ, ఎక్కడెక్కడివాళ్లో తిట్టుకుంటున్నారు. మావాళ్లు తిట్టుకోలేదు, చాయ్ తాగి లేచారు. ఇప్పటివాళ్ల దగ్గర చాయ్ లేకపోవడమే ఇబ్బందేమో.

నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఒక పగటిపూట ఆ మొదటి క్యాసెట్ వేసుకుని చూశాను. అప్పటికి నాకు ఇంగ్లీషు అర్థమవుతోంది. తుఫాను తర్వాత పటేల్ వెనక్కి వస్తాడు. ఇసుకలో మెకానిక్ పడి ఉంటాడు. వెండి రంగు గుడ్డ ఒకటి మొహం మీద కప్పి, పేరు చెప్పి, చనిపోయాడంటాడు. పరుగున దుకాణానికి పోయి, చిన్నాయనను పక్కకు పిలిచి అడిగాను. ఆయన సైకిల్ ట్యూబుకు గాలి కొడుతూ కొడుతూ ఆగాడు. నన్ను కోప్పడలేదు. నెమ్మదిగా అన్నాడు, "ఇంగ్లీషుల సచ్చిండు బిడ్డ. తెలుగుల బతికే ఉన్నడు." మళ్లీ గాలి కొట్టడం మొదలుపెట్టాడు. నేనెవరికీ చెప్పలేదు. ఆయన కూడా పోయేదాకా మాట మార్చలేదు. మంచం పట్టిన రోజుల్లో అక్క పక్కన కూర్చుని, ఇప్పుడు ఎక్కడున్నాడు చిన్నాయన అని అడిగితే, చెయ్యి పైకెత్తి ఇంకా ముందుకు అన్నట్టు చూపించాడు. మాతో దండం పెట్టించుకోవాల్సిన పెద్దలు చాలామందే ఉన్నారు గానీ, నేను మనసారా దండం పెట్టుకునేది ఆ చేతికి.

ఇదంతా విన్న నిత్య ఊరుకోలేదు. మొదటి సినిమా కూడా ఇప్పుడు తెలుగులో ఉంది, అమ్మమ్మకు చూపిస్తానంది. చాయ్ తాగుదామన్నాను, ఎండ తగ్గాక చూద్దామన్నాను, కళ్లు మంటలు పుడతాయన్నాను. అక్క అరవై దాటిన మనిషి. మెడలో పుస్తెలు అట్లాగే ఉన్నాయి, నుదుట బొట్టు అట్లాగే ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట ఆమె తెలుగులో వినడం నాకు అస్సలు ఇష్టం లేదు. అక్క మాత్రం, వెయ్యి బిడ్డ అంది. సినిమా నడుస్తుంటే నేను తెర చూడలేదు, అక్కనే చూస్తూ కూర్చున్నాను. తుఫాను వచ్చింది. చిన్నాయన లేడు, హెడ్ ఖరాబు కాలేదు. అతను చనిపోయాడని పటేల్ శుభ్రమైన తెలుగులో చెప్పాడు. వెండి గుడ్డ కప్పాడు. అక్క చేతిలో ఎల్లిపాయ ఆగలేదు. పొట్టు తీసి, రెబ్బను గిన్నెలో వేసి, ఇంకోటి అందుకుంది.

"అక్కా" అన్నాను.

"వీసీఆర్ మనింట్లనే ఉండె గదనే. పొద్దంత నేనొక్కదాన్నే ఉంటుంటి. నాకు బటన్ నొక్కరాదా?" అంది. చిన్నాయన హెడ్ తుడిచిన మర్నాడే తానొక్కతే వేసుకుని చూసిందట. ఇంగ్లీషు రాకపోయినా మొహం మీద గుడ్డ కప్పితే ఏమిటో తెలియదా అంది. మరి అన్నేళ్లు ఎందుకు అడిగావని నేను అడిగాను. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఎల్లిపాయ ఘాటు కాదది. "మీరందరు మీ బావ ముచ్చట బందు వెట్టిండ్రు. నేను బాధపడతనని. చిన్నాయన ఒక్కడే చెప్తుండె, మెకానిక్ అని. నేను అడగకుంటె చిన్నాయన గూడ బందు చేస్తుండె. ఇగ గీ ఇంట్ల ఆయన పేరు ఎవరు తీస్తరు?"

నేను తల వంచుకున్నాను. నిత్య కళ్లు పెద్దవి చేసుకుని అమ్మమ్మ వైపు చూస్తోంది. తర్వాత, ఓదార్పు చెప్పాలనుకుందో ఏమో, ఫోన్ తీసి గబగబా ఏదో వెతికింది. ఆ గుడ్డ కింద ఉన్నది మెకానిక్ కాదని కూడా ఒక థియరీ ఉందట. బూట్లు వేరేవట. అంతకుముందు సీనులో నల్ల బూట్లు, గుడ్డ కింద కనిపించేవి ఎర్రవి. వేలమంది నమ్ముతున్నారట, కొత్త సినిమా వచ్చాక ఇంకా ఎక్కువయ్యారట, అతను బతికే ఉన్నాడని పేజీలకు పేజీలు రాస్తున్నారట. అక్క ఆ బొమ్మను దగ్గరికి పట్టుకుని బూట్లు చూసింది. ఆ రాసినవాళ్ల పేర్లు చదవరాకపోయినా ఒక్కొక్కటీ వేలితో పైకి జరిపింది.

"వాళ్ల ఇండ్లల్ల ఎవరు తిరిగి రాలేదో పాపం" అంది.

నిత్య లాప్‌టాప్ మూసింది, ఫోన్ పక్కన పెట్టింది. చాప మీద జరిగి జరిగి అక్క మోకాలికి ఆనుకుని కూర్చుని, చాటలోంచి ఒక ఎల్లిపాయ తీసుకుంది. తాత అక్కడ చేసే పనేమిటని అడిగింది. ఈ ఇంట్లో ఆ మాట విని చాలా కాలమైంది. అక్క చాట పక్కకు పెట్టి, గోడకు సరిగ్గా ఆనుకుంది.

"మీ తాత మెకానిక్ బిడ్డ" అని మొదలుపెట్టింది.